కార్డు ఖరాబైందని అమ్మేయకండి

"మామూ, కార్డు పోయింది. అబ్బా గుస్సా మీదున్నారు" అని మొన్న రాత్రి మా భాంజా ఫోను. అమ్మీ దాచుకున్న పైసలతో సెకండ్ హ్యాండ్‌లో ఏఎండీ గ్రాఫిక్స్ కార్డు కొన్నాడు. లైనక్స్‌లో బాగానే నడిచింది. దోస్త్ చెప్పాడని ఫ్రీబీఎస్‌డీ వేశాడు. డెస్క్‌టాప్ రాలేదు, స్క్రీన్లే దొరకలేదని ఎర్రర్. సగం ధరకి అమ్మేయాలని ఇంట్లో ఫైసలా కూడా అయిపోయింది.

లాగ్ చదివావా అని అడిగాను. లేదు. మన పిల్లల్లో నాకు నచ్చని ఆదత్ ఇదే. ఒకటి నడవకపోతే ఇంకో సిస్టమ్ ఎక్కిస్తారు, ఎక్స్‌ఆర్గ్ లాగ్‌లో ఈఈ అని ఉన్న లైన్లు మాత్రం చూడరు. ఏ కార్డుందో లైనక్స్‌లో ఎల్‌ఎస్‌పీసీఐ, ఫ్రీబీఎస్‌డీలో పీసీఐకాన్ఫ్ చెప్పేస్తాయి.

హకీకత్ ఏమిటంటే, లైనక్స్‌లో ఏఎండీ, ఇంటెల్ డ్రైవర్లు కర్నెల్‌లోనే ఉంటాయి. అదే కోడ్‌ని ఫ్రీబీఎస్‌డీ వాళ్లు డీఆర్ఎమ్-కేమోడ్ అనే విడి ప్యాకేజీగా ఇస్తారు. అది వేస్తే సరిపోదు. ఆర్‌సీ కాన్ఫ్ ఫైల్లో కేఎల్‌డీ లిస్ట్ దగ్గర ఏఎండీజీపీయూ అని రాయాలి (బాగా పాత కార్డయితే రేడియాన్‌కేఎంఎస్, ఇంటెల్ అయితే ఐ915కేఎంఎస్). యూజర్‌ని వీడియో గ్రూపులో చేర్చాలి. మావాడు ప్యాకేజీ వేసి ఆగిపోయాడు. "మిగతాది భూల్ గయా మామూ!" సిస్టమ్‌ని కొత్త రిలీజ్‌కి మార్చాక ఆ ప్యాకేజీ మొరాయించడం కూడా మామూలే. అప్పుడు పోర్ట్స్ నుంచి మళ్లీ బిల్డ్ చేసుకోవాలి.

ఓపెన్‌బీఎస్‌డీలో ఈ డ్రైవర్లు లోపలే ఉంటాయి. ఫర్మ్‌వేర్ మాత్రం ఎఫ్‌డబ్ల్యూ అప్‌డేట్ కమాండ్‌తో నెట్ నుంచి దించుకోవాలి.

ఎన్‌విడియా మసలా వేరు. కంపెనీ తన డ్రైవర్‌ని లైనక్స్‌కీ, ఫ్రీబీఎస్‌డీకీ ఇస్తుంది, ఓపెన్‌బీఎస్‌డీకి ఇవ్వదు. ఎన్నో ఏళ్లు సోర్స్‌ని తాళం వేసి దాచింది. 2012లో ఫిన్లాండ్‌లోని ఆల్టో యూనివర్సిటీలో లైనస్ టోర్వాల్డ్స్ ఆ కంపెనీకి మధ్యవేలు చూపించింది ఈ తరహా షికాయత్‌తోనే (ఆ వీడియో పిల్లల ముందు పెట్టకండి). 2022లో కర్నెల్ మాడ్యూళ్ల సోర్స్ బయటపెట్టింది గానీ, అది ట్యూరింగ్, ఆ తర్వాతి కార్డులకే. అంతకుముందరి కెప్లర్ కార్డులు 470 డ్రైవర్ దగ్గరే ఆగిపోయాయి. నూవో అనే ఓపెన్ డ్రైవర్ ఉంది, రివర్స్ ఇంజినీరింగ్‌తో చేసిన మెహనత్ అది. కానీ ఆ వేగం రాదు.

అందుకే నా రాయ్: పాత కార్డు కొనేటప్పుడు మెమరీ ఎంత, ధర ఎంత అని బేరమాడే ముందు, దీని డ్రైవర్ సోర్స్ బయట ఉందా అని అడగండి. ఏఎండీ 2007 నుంచి డాక్యుమెంట్లు బయటపెట్టడం మొదలుపెట్టింది కాబట్టే భాంజా కార్డు ఇన్ని సిస్టమ్‌లలో నడుస్తోంది. సోర్స్ దాచిన కార్డు మీదైతే, కంపెనీ చేయి వదిలేసిన రోజు మీ పైసలూ పోయినట్టే. పిల్లాడి మీద అరిచి ఫాయిదా లేదు.

అరగంటలో వాడికి డెస్క్‌టాప్ వచ్చింది. నిన్న మళ్లీ ఫోను, ఈసారి ఓపెన్‌బీఎస్‌డీ పెడతాడట. ముందు నెట్ కేబుల్ గుచ్చమన్నాను.