యూకే స్కూల్స్: మార్కులు కాదు, పుట్టిన తేదీనే ముఖ్యం.. ఒక్క రోజు తేడాతో క్లాసే మారిపోతుంది!

ఉద్యోగం కోసం ఫ్యామిలీతో ఇంగ్లండ్ వెళ్తున్నారా? మీ పిల్లలు ఇక్కడ ఏ క్లాస్ పాసయ్యారన్నది అక్కడ పెద్దగా చూడరు. ఏ క్లాసులో కూర్చోవాలో డిసైడ్ చేసేది పుట్టిన తేదీనే.

ఇంగ్లండ్‌లో స్కూల్ ఏడాది సెప్టెంబర్ 1 నుంచి ఆగస్టు 31 వరకు. ఈ తేదీల మధ్య పుట్టిన వాళ్లంతా ఒకే బ్యాచ్. ఆగస్టు 31న పుట్టిన పాప, ఆ మర్నాడే పుట్టిన పాప కంటే ఒక క్లాస్ పైన ఉంటుంది.

ఏ వయసుకు ఏ క్లాస్?

* 4-5 ఏళ్లు: రిసెప్షన్
* 5-7 ఏళ్లు: ఇయర్ 1, 2
* 7-11 ఏళ్లు: ఇయర్ 3 నుంచి 6. ఇక్కడితో ప్రైమరీ పూర్తి
* 11-14 ఏళ్లు: ఇయర్ 7 నుంచి 9. సెకండరీ మొదలు
* 14-16 ఏళ్లు: ఇయర్ 10, 11. చివర్లో జీసీఎస్ఈ పరీక్షలు
* 16-18 ఏళ్లు: ఏ-లెవెల్స్, టీ-లెవెల్స్ లేదా అప్రెంటిస్‌షిప్

16 ఏళ్లకు స్కూల్ వదిలేయొచ్చు. కానీ 18 వచ్చేదాకా ఏదో ఒక చదువులోనో, ట్రైనింగ్‌లోనో ఉండాల్సిందే. 2015 నుంచి అక్కడ ఇదే రూల్.

అసలు చిక్కు ఎక్కడ?

చిన్న పిల్లలైతే త్వరగానే సర్దుకుపోతారు. సమస్యంతా 9వ తరగతి అయ్యాక వెళ్లేవాళ్లకే. ఆగస్టు 31 నాటికి 14 ఏళ్లే ఉంటే ఇయర్ 10. అంటే జీసీఎస్ఈకి రెండేళ్ల టైమ్ ఉన్నట్టే. అదే 15 నిండితే నేరుగా ఇయర్ 11. సెప్టెంబర్‌లో చేరితే మే, జూన్‌లోనే పరీక్షలు. మిగతావాళ్లు సాధారణంగా రెండేళ్లు చదివే సిలబస్‌ను వీళ్లు కొన్ని నెలల్లో అందుకోవాలి. ఇంగ్లిష్, మ్యాథ్స్‌లో గ్రేడ్ 4 రాకపోతే 16 తర్వాత కూడా ఆ సబ్జెక్టులు చదవక తప్పదు.

ఇంకో మాట. మన దగ్గర స్కూల్ అడ్మిషన్ కోసం పుట్టిన తేదీని అటూ ఇటూ మార్చి రాయించిన ఇళ్లు చాలానే ఉన్నాయి. అదే తేదీ పాస్‌పోర్టులోకి ఎక్కితే, అక్కడ క్లాస్ లెక్క కూడా దాన్నిబట్టే ఉంటుంది.

మార్పుకు ఛాన్స్ ఉందా?

కింది క్లాసులో వేయమని పేరెంట్స్ అడగొచ్చు. ఏప్రిల్ 1 నుంచి ఆగస్టు 31 మధ్య పుట్టిన చిన్నారులను ఏడాది ఆలస్యంగా రిసెప్షన్‌లో చేర్చాలన్నా రిక్వెస్ట్ పెట్టుకోవాలి. ఓకే అనడం, అనకపోవడం అడ్మిషన్ అధికారుల ఇష్టం. ఆగస్టులో పుట్టిన పిల్లలు క్లాసులో అందరికన్నా చిన్నవాళ్లు కావడంతో సగటున మార్కుల్లో వెనకబడుతున్నారని అక్కడి పరిశోధనలే చెబుతున్నాయి.

ఈ లెక్క యూకే అంతటికీ వర్తించదు. స్కాట్లాండ్‌లో కటాఫ్ ఫిబ్రవరి చివర, నార్తర్న్ ఐర్లాండ్‌లో జూలై 1.

అందుకే టికెట్లు బుక్ చేసే ముందే పిల్లల పుట్టిన తేదీతో లెక్క చూసుకోండి. 15కి దగ్గర్లో ఉన్న పిల్లలుంటే, ఏ నెలలో వెళ్తున్నారన్నది వీసా ఎంత ముఖ్యమో అంతే ముఖ్యం.