మాట అనుకోగానే టముకు వేయొద్దు

అక్కలూ, చెల్లెళ్ళూ, మన గ్రూపుల్లో అప్పుడప్పుడు ఒక ఫోటో వస్తుంది. పదిహేడేళ్ళ పిల్ల అమెరికా కాలేజీ పేరున్న టోపీ పెట్టుకుని నిలబడి ఉంటుంది, అటొకరూ ఇటొకరూ అమ్మానాన్నా. కింద "కమిటెడ్!" అని ఒక్క మాట. ఐదు నిమిషాల్లో చప్పట్లు, పూలగుత్తులు, కంగ్రాట్స్. నేనూ పెడతాను. తెల్లారకముందే కార్లో కూర్చోబెట్టి ప్రాక్టీసుకి తీసుకెళ్ళిన అమ్మల కష్టం తెలుసు కాబట్టి మనస్ఫూర్తిగానే పెడతాను. కానీ ఆ ఫోటో రావాల్సిన సమయం కన్నా ముందే వచ్చేస్తోందని నా అభిప్రాయం. ఎందుకో చెప్తాను, వినండి.

ఈ ఆచారం అమెరికా హైస్కూల్ ఫుట్‌బాల్ పిల్లలది. బల్ల మీద మూడు నాలుగు కాలేజీల టోపీలు పెడతారు. కెమెరాల ముందు పిల్లవాడు ఒక టోపీ తీసి పెట్టుకుంటాడు. చూడ్డానికి పెళ్ళిలా ఉంటుంది కానీ, నోటితో ఇచ్చిన ఆ మాట ఇద్దరిలో ఎవరినీ కట్టిపడేయదు. మన భాషలో చెప్పాలంటే అది మాట అనుకోవడం, ఇంకా తాంబూలాలు కూడా కాలేదు. సంతకాలు తర్వాత. ఫుట్‌బాల్ పిల్లలకి డిసెంబరులో ఒకసారి, ఫిబ్రవరిలో ఇంకోసారి. దశాబ్దాల పాటు నడిచిన 'నేషనల్ లెటర్ ఆఫ్ ఇంటెంట్' అనే కాగితాన్ని 2024 అక్టోబరులో ఎత్తేశారు. ఇప్పుడు కాలేజీ ఇచ్చే ఆర్థిక సహాయ ఒప్పందమే కాగితం. దాని మీద సంతకం పడేదాకా కోచ్ ఇంకొకరిని చూసుకోవచ్చు, మన పిల్లా ఇంకో కాలేజీ చూసుకోవచ్చు.

ఇక్కడ మన ఆస్ట్రేలియాలో పద్ధతి వేరు. ఏఎఫ్‌ఎల్ డ్రాఫ్ట్ నవంబరులో జరుగుతుంది. క్లబ్బులు పిల్లల్ని ఎంచుకుంటాయి, పిల్లలు క్లబ్బుని ఎంచుకోరు. అందుకే ఎంచుకోవడం ఎలాగో ఇక్కడ మనకెవరూ నేర్పరు. అయినా ఇక్కడి పిల్లలు వెళ్తూనే ఉన్నారు. మెల్‌బోర్న్‌లో 2007లో నేథన్ చాప్‌మన్ మొదలుపెట్టిన ప్రోకిక్ ఆస్ట్రేలియా, ఫుటీ ఆడినవాళ్ళకి అమెరికన్ ఫుట్‌బాల్‌లో పంటింగ్ నేర్పి కాలేజీలకి పంపిస్తోంది. సిడ్నీ కుర్రాడు మైకెల్ డిక్సన్ టెక్సస్ తరఫున 2017లో, మెల్‌బోర్న్ కుర్రాడు టోరీ టేలర్ అయోవా తరఫున 2023లో దేశంలోనే ఉత్తమ కాలేజీ పంటర్‌కిచ్చే రే గై అవార్డు గెలిచారు. ఇవి గెలిచినవాళ్ళ కథలు, అందుకే మనదాకా వచ్చాయి.

మనవాడి సంగతీ చూడండి. నిశేష్ బసవరెడ్డి తల్లిదండ్రులది నెల్లూరు. ఆ అబ్బాయి టెన్నిస్ ఆడుతూ స్టాన్‌ఫర్డ్‌లో చేరాడు, రెండేళ్ళు ఆడాడు, 2024 డిసెంబరులో ప్రొఫెషనల్ అయ్యాడు. మరుసటి నెలలోనే మన రాడ్ లేవర్ అరీనాలో జొకోవిచ్ మీద మొదటి సెట్ గెలిచాడు. మ్యాచ్ ఓడినా ఆ రాత్రి మనందరం గర్వపడ్డాం. కాలేజీ అతనికి ఒక మజిలీ. పిల్ల జీవితానికి అదే ఆఖరి ముద్ర అన్నట్టు మనం ఫోటోలు పెట్టేస్తున్నాం, అదే నా బాధ.

ఈ తొందర మనకెక్కడిదో తెలుసు కదా. ఎంసెట్, ఐఐటీ ఫలితాలు రాగానే పేపర్ మొదటి పేజీ నిండా పాస్‌పోర్టు ఫోటోలు, టీవీలో ఒకటీ ఒకటీ ఒకటీ రెండూ రెండూ అని ఊపిరి పీల్చకుండా చదివే ర్యాంకులు. ఆ పేజీలో ఫోటో లేని ఇంట్లో ఆ రోజు ఎలా గడిచిందో మనలో చాలామందికి స్వయంగా తెలుసు. ఈ టోపీ ఫోటో ఆ పేజీకి చెల్లెలే.

నాకు తెలిసిన ఒకామె కూతురికి ఇలాగే ఒక కాలేజీ మాటిచ్చింది. ఫోటో పెట్టారు, అందరం అభినందించాం. తర్వాత కోచ్ వేరే చోటికి వెళ్ళిపోయాడు. కొత్త కోచ్ ఫోనెత్తలేదు. మేమేమో కనిపించినప్పుడల్లా "ఎప్పుడు బయల్దేరుతోంది?" అని అడుగుతూనే ఉన్నాం. ఆమె సంక్రాంతి సంబరాలకి రావడం మానేసింది. కూతురు ఏమందో తెలుసా? "కాలేజీ పోయినందుకు కాదమ్మా, ఆంటీలందరికీ ఏం చెప్పాలా అని ఏడుపొస్తోంది." ఆ ఆంటీల్లో నేనూ ఉన్నాను.

కోచ్‌లు మారడం అక్కడ మామూలే. మన బల్లరాట్ అమ్మాయి జార్జియా అమోర్ వర్జీనియా టెక్‌లో బాస్కెట్‌బాల్ ఆడేది. 2024లో కోచ్ కెంటకీకి వెళ్తే తనూ వెళ్ళింది. 2025 ఏప్రిల్‌లో డబ్ల్యూఎన్‌బీఏ డ్రాఫ్ట్‌లో ఆరో స్థానంలో ఎంపికైంది. కొద్ది వారాలకే ప్రాక్టీసులో మోకాలి లిగమెంటు తెగి ఆ సీజనంతా ఆడలేకపోయింది. అంత పై స్థాయిలోనే ఇలా ఉంటే, మన పిల్లల విషయంలో ముందే అడిగి తెలుసుకోవాలి కదా.

అడగాల్సినవి ఇవీ. స్కాలర్‌షిప్ పూర్తిగానా, సగమా? ఏడాదికా, నాలుగేళ్ళకా? దెబ్బ తగిలితే ఉంటుందా? అక్కడ డిగ్రీకి మన హెక్స్ అప్పు రాదు, తేడా వస్తే మొత్తం మన జేబులోంచే. కోచ్ వెళ్ళిపోతే మాట నిలుస్తుందా? చదివే కోర్సుకి ఇక్కడ రిజిస్ట్రేషన్ దొరుకుతుందా? నర్సింగ్, ఫిజియో అయితే ఇది తప్పకుండా చూసుకోండి. ఇంకోటి వీసా. 2021 జులై నుంచి కాలేజీ క్రీడాకారులు తమ పేరు మీద ప్రకటనలతో సంపాదించుకోవచ్చు. 2025 నుంచి కాలేజీలే నేరుగా డబ్బివ్వచ్చు. కానీ ఎఫ్-1 వీసా మీద పని చేయడానికి గట్టి ఆంక్షలున్నాయి. వీసా అంటే ఏమిటో మనకి ఒకరు చెప్పక్కర్లేదు. లాయర్‌ని అడక్కుండా ఏ డబ్బూ ముట్టుకోనివ్వద్దు. చివరిగా పిల్లనే అడగండి: "రేపు ఆట ఆగిపోయినా ఆ కాలేజీలో ఉండాలనిపిస్తుందా?"

సంతోషాన్ని దాచుకోవాలా, దిష్టి తగులుతుందనా అంటారేమో. దిష్టి సంగతి కాదండీ. అమ్మమ్మకి ఫోన్ చేసి చెప్పండి, ఇంట్లో పాయసం చేసుకోండి. ఊరంతటికీ చెప్పడం మాత్రం సంతకం అయ్యాక. అదీ పిల్ల సరే అంటేనే, పిల్ల రాసుకున్న మాటలతోనే. కష్టపడింది తను, అక్కడికెళ్ళి ఒంటరిగా ఉండేదీ తనే.

ఇండియాలో ఇది చదివే పిన్నులూ, అత్తయ్యలూ, మీకూ ఒక మాట. "ఆటలకి సీటేంటి?" అనకండి. "ఫలానా వాళ్ళబ్బాయికి వచ్చిందట, మీవాడికి రాలేదా?" అని అసలే అనకండి.

గ్రూపులో మనమూ ఒక అలవాటు చేసుకుందాం. ఫోటో పెట్టినవాళ్ళని "ఎప్పుడు?" అని పదేపదే అడగొద్దు. వెళ్ళి, నచ్చక ఏడాదికే తిరిగొచ్చిన పిల్ల కనిపిస్తే, వెళ్ళేటప్పుడు ఎంత ప్రేమగా పంపామో అంతే ప్రేమగా "వచ్చావా అమ్మా, రా, భోంచేద్దువుగాని" అందాం.