ఇసక రేణువుల లెక్క



పంజాగుట్టనుంచి ఇద్దరు అన్నదమ్ములు నాకు ఉత్తరం రాశారు. "సారూ, మీరెప్పుడూ క్రికెట్టు సంగతే చెబుతారు. గోల్ఫ్ సీజను అయిపోయింది కదా, అందులో ఏం జరిగిందో చెప్పరేం?" అని నన్ను నిలదీశారు. నిజం చెప్పాలంటే గోల్ఫ్ కర్ర నేను జన్మలో పట్టలేదు. గోలకొండ కోట పక్కన పచ్చగా పరచుకున్న మైదానాన్ని బయటనుంచి చూశాను, అంతే. కాని గోల్ఫ్‌లో మన హైదరాబాదుకు చుట్టమైన ఒక కుర్రవాడున్నాడు. అతనికోసం ఆట నేర్చుకున్నాను, కాగితంమీదనే సుమా!

ముందు ఆట సంగతి. మైదానంలో 18 గుంటలుంటాయి. ఒక్కొక్క గుంట వెడల్పు 108 మిల్లీమీటర్లు, అంటే మీ ఇంట్లో చిన్న గిన్నె మూతంత. బంతి బరువు 46 గ్రాములు దాటకూడదు. కోడిగుడ్డుకన్న కొంచెం తేలిక. పెద్ద పోటీలు జరిగే మైదానంలో 18 గుంటల దారినీ కలిపి కొలిస్తే సుమారు ఆరున్నర కిలోమీటర్లు తేలుతుంది. అమీర్‌పేట కూడలిలో బంతిని కొట్టడం మొదలుపెట్టి, పంజాగుట్ట, ఖైరతాబాదు, లకడీకాపూల్ మీదుగా నాంపల్లి దాకా కొట్టుకుంటూ పోవడంలాటిదన్నమాట! ఎంత తక్కువ దెబ్బల్లో ముగిస్తే అంత గొప్ప. పరీక్షల్లో ఇలా మార్కులు వేస్తే నా శిష్యులు చాలామంది మొదటి తరగతిలో ప్యాసయ్యేవారు.

ఇంకొక చిత్రం. గోల్ఫ్ బంతి నున్నగా ఉండదు. దానిమీద మశూచి మచ్చల్లాగా మూడువందలకు పైగా చిన్న చిన్న పల్లాలుంటాయి. నున్నటి బంతి గాలిలో పోతుంటే దాని వెనక గాలి పెద్ద సుడిగా చెదిరి, బంతిని వెనక్కు లాగుతుంది. పల్లాలుంటే బంతిని అంటుకున్న పలచని గాలిపొర కలబడి, మరికొంత దూరం బంతిని కరుచుకునే ఉంటుంది. వెనక సుడి చిన్నదవుతుంది, లాగడం తగ్గుతుంది. నున్నటి బంతి ఈ బంతి పోయే దూరంలో ఇంచుమించు సగమే పోతుంది.

ఇక ఆ కుర్రవాడు. పేరు సాహిత్ తీగల. తల్లిదండ్రులు హైదరాబాదు వాళ్ళు. మైత్రీవనం గోడలనిండా కంప్యూటరు పాఠాల బోర్డులు వెలిసి, మన అమీర్‌పేట కుర్రవాళ్ళు గుంపులుగుంపులుగా అమెరికా బయలుదేరిన రోజులకు ఎంతో ముందే తండ్రి మురళీధర్ చదువుకోసం అక్కడికి వెళ్ళాడు. సాహిత్ 1997 డిసెంబరులో కాలిఫోర్నియాలో పుట్టాడు. పెపర్డైన్ విశ్వవిద్యాలయంలో చదువుతుండగా మణికట్టుకు శస్త్రచికిత్స జరిగి, ఒక ఏడాది ఆట పోయింది. అయినా 2020లో అమెరికా కళాశాల ఆటగాళ్ళకిచ్చే హాస్కిన్స్ బహుమానం అతనికే వచ్చింది.

వృత్తి ఆటగాళ్ళలో చేరాక అదృష్టం అతన్ని బాగా ఆటపట్టించింది. 2022 ఫిబ్రవరిలో ఫీనిక్స్ పోటీలో గెలుపు అందేలా ఉండగా, పదిహేడో గుంట దగ్గర బంతి నేలను తాకి ఎడమకు ఎగిరి నీళ్ళలో పడింది. ఒక్క దెబ్బ తేడాతో అవకాశం పోయింది. కన్నీళ్ళు ఆపుకోలేకపోయాడు. అదే సంవత్సరం జూన్‌లో ట్రావెలర్స్ పోటీలో చివరి గుంటకు ఒక దెబ్బ ఆధిక్యంతో వచ్చాడు. బంతి ఇసకగుంటలో పడింది. ఒక దెబ్బ కొడితే బయటికి రాలేదు. ఆ పోటీ షాఫలీ గెలిచాడు. ఎట్టకేలకు 2023 సెప్టెంబరులో నాపాలో జరిగిన ఫోర్టినెట్ ఛాంపియన్‌షిప్‌లో సాహిత్ నెగ్గాడు. ఆనాడు తల్లిదండ్రులు అక్కడే ఉన్నారు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తున్నాను. మీరు ఇసకగుంట మాట మరిచిపోలేదు గదా!

2024 ఆగస్టు చివర అట్లాంటాలోని ఈస్ట్ లేక్ మైదానంలో టూర్ ఛాంపియన్‌షిప్ జరిగింది. సీజను మొత్తంలో మొదటి 30 స్థానాలు సంపాదించినవారే అందులో ఆడతారు. మూడోరోజున, మూడో గుంట దగ్గర, సాహిత్ బంతి ఇసకలో ఉన్నది. ఇసకగుంటలో ఒక నిబంధన ఉన్నది: దెబ్బ కొట్టడానికి కర్రను వెనక్కు ఎత్తేటప్పుడు అది ఇసకను తాకకూడదు. తాకితే ఇసక మెత్తనిదో గట్టిదో ఆటగాడికి తెలిసిపోతుంది. అందుకు శిక్ష రెండు దెబ్బలు. సాహిత్ కర్ర ఎత్తాడు, కొట్టాడు, బంతి బయటపడింది. ఎవరూ ఏమీ అనలేదు. కాని కర్ర వెనక్కు పోతుండగా కొన్ని రేణువులు కదిలినట్టు అతనికి అనిపించింది. తానే ఆ మాట బయటపెట్టాడు. లెక్కలో రెండు దెబ్బలు కలిశాయి.

పోటీ ముగిసేసరికి షెఫ్లర్ 30 తక్కువతో మొదటివాడు, మొరికావా 26 తక్కువతో రెండోవాడు, సాహిత్ 24 తక్కువతో మూడోవాడు. ఇప్పుడు పలకలు తీయండి. ఆ రెండు దెబ్బలు లేకపోతే సాహిత్ లెక్క ఎంత? మొరికావాతో సమానం. రెండో బహుమతి కోటి ఇరవైఅయిదు లక్షల డాలర్లు, మూడోది డెబ్బైఅయిదు లక్షలు. ఇద్దరు సమానంగా నిలిస్తే రెండూ కలిపి చెరిసగం పంచుతారు. అంటే కోటి డాలర్లు. ఇసక రేణువుల ఖరీదు పాతికలక్షల డాలర్లన్నమాట! మన రూపాయల్లో ఇరవై కోట్లకు పైమాటే. శిక్ష లేకపోతే తరవాతి ఆట అచ్చంగా అలాగే సాగేదని ఎవరూ చెప్పలేరనుకోండి. ఇది కాగితంమీది లెక్క.

ఈ కథ చెబితే తొమ్మిదేళ్ళ మా మనవరాలు, "ఎవరూ చూడలేదుగా తాతయ్యా, ఎందుకు చెప్పాడు?" అన్నది. నేను జవాబు చెప్పకుండా నా కలాల పెట్టెకేసి చూశాను. అందులో ఒక నీలం గాజు గోటీ ఉన్నది.

నాకప్పుడు పదకొండేళ్ళు. ఇప్పుడు మెట్రో దారులు రెండూ కలిసే చోటికి దగ్గర్లోనే ఒక ఖాళీ జాగాలో మేము గోటీలాడేవాళ్ళం. కోస్తా పిల్లలు గోళీలంటారు, అవే. ఒకనాడు నేను గురి చూడటానికి వంగినప్పుడు నా చిటికెనవేలు తగిలి నా గోటీ నువ్వుగింజంత ముందుకు జరిగింది. అవతలి కుర్రవాడు ఆ క్షణంలో ఎగిరే గాలిపటంకేసి చూస్తున్నాడు. నేను మాట్లాడలేదు. కొట్టాను, తగిలింది. అతను తన నీలం గోటీ తీసి, "నీదేరా!" అని చేతిలో పెట్టాడు. ఆ ఎండాకాలమే వాళ్ళ నాన్నకు బదిలీ అయి ఊరు వెళ్ళిపోయారు. తరవాత ముప్ఫైఏళ్ళకు పైగా బడిలో పిల్లలకు ఎన్నో చెప్పాను. పరీక్షలో చూసి రాసిన వాళ్ళను నిలబెట్టాను కూడా. అప్పుడు ఈ గోటీ ఎక్కడున్నదో మా మనవరాలు అడిగితే నిజం చెప్పవలసి వచ్చింది: నా బల్లమీదనే.

"మరి ఇచ్చెయ్యి తాతయ్యా!" అన్నది. ఎక్కడికని ఇవ్వను? అమీర్‌పేటలో ఆ రోజుల్లో గోటీలాడిన మీ తాతలెవరైనా, నీలం గోటీ పోగొట్టుకున్న జ్ఞాపకం ఉన్నదంటే, పత్రికకు ఒక కార్డు రాయండి. ఆనాడు ఆకాశంలో ఉన్న గాలిపటం రంగు చెబితే చాలు, గుర్తు పడతాను.

సీజను సంగతి అడిగారు గదా! 2025లో ఏప్రిల్‌లో మాస్టర్స్ గెలిచి మెకిల్రాయ్ నాలుగు పెద్ద పోటీలూ గెలిచినవాళ్ళ వరసలో చేరాడు. షెఫ్లర్ రెండు పెద్ద పోటీలు నెగ్గాడు. ఎన్నో ఏళ్ళుగా అమెరికాలో ఒక్క గెలుపూ లేని ఫ్లీట్‌వుడ్ ఏకంగా టూర్ ఛాంపియన్‌షిప్ గెలిచాడు. అంతకుముందు పట్టీలో పై స్థానంలో ఉన్నవాడు 10 తక్కువతోనే ఆట మొదలుపెట్టేవాడు. 2025లో అది తీసేసి, అందరినీ ఒకే గీతమీద నిలబెట్టారు. ఇది నాకు నచ్చింది.

మన సాహిత్‌కు మాత్రం ఆ సంవత్సరం కలిసిరాలేదు. మెడనొప్పితో కొంతకాలం ఆట మానుకున్నాడు. సీజను చివర పోటీలకు మొదట 70 మందిని పిలుస్తారు. ఆ పట్టీలో అతని పేరు లేదు. పైగా నియమాలు కూడా బిగిశాయి. లోగడ పట్టీలో మొదటి 125 మందికి మరుసటి సీజనులో పూర్తి హక్కులుండేవి. 2026 సీజనునుంచి అవి 100 మందికే. నూరు కుర్చీలున్న చోట నొప్పిమెడతో కూర్చోవటం కష్టమే. నేను అతని గెలుపులకన్న ముందు, నొప్పి లేకుండా నాలుగు రోజులూ ఆడిన పోటీలు ఎన్నో లెక్కపెట్టబోతున్నాను.

మీరూ లెక్కపెట్టాలంటే నెలలు గుర్తుంచుకోండి: పెద్ద పోటీలు ఏప్రిల్, మే, జూన్, జులై నెలల్లో, ఆగస్టులో ఈస్ట్ లేక్. మా మనవరాలు గోడమీద గళ్ళు గీసి సిద్ధంగా ఉన్నది. అమెరికాలో సాయంకాలం ఆట ముగిసేసరికి మనకు తెల్లవారుజామవుతుంది. తనను లేపమంటున్నది. మరునాడు బడి ఉంటే మాత్రం లేపనని చెప్పేశాను.