పుస్తకాలు కొనేముందు పాప మాట వినండి

పిల్లల్ని బడికి పంపకుండా ఇంట్లోనే చదివించుకునే తల్లిదండ్రులు మన నగరాల్లోనూ అక్కడక్కడా కనిపిస్తున్నారు. ఎవరి కారణాలు వారివి. ఒకరికి ఫీజుల భారం, ఒకరికి పుస్తకాల సంచీ బరువు, మరొకరికి బడిలో ఇమడలేని పిల్లవాడి దిగులు. నిర్ణయం తీసుకున్నాక లెక్కల దగ్గర ఎవరూ అంతగా తడబడరు. రెండు మూళ్లు ఆరని ఏ పుస్తకం చూసినా ఒకటే కదా! తడబాటంతా భాష దగ్గరే. ఏ భాషతో మొదలుపెట్టాలి? ఏ పుస్తకాలు కొనాలి? రాయడం ఎప్పుడు నేర్పాలి?

ఈ కంగారులో చాలామంది చూపు విదేశీ పుస్తకాల సెట్ల మీద పడుతుంది. చదవడానికొకటి, స్పెల్లింగుకొకటి, గ్రామరుకొకటి, వ్యాసాలకొకటి. కొన్నింటిలో తల్లి పిల్లతో అనాల్సిన మాటలు కూడా అచ్చువేసే ఉంటాయి. అవి చెడ్డవని కాదు. అయితే అవి పుట్టినప్పటి నుంచీ ఇంట్లో ఇంగ్లీషు వింటూ పెరిగే పిల్లల కోసం రాసినవి. అక్కడి పాపకు ఆ పాఠం తెలిసిన మాటను అక్షరాల్లో చూపిస్తుంది. మంచు బొమ్మ ఎరగని మన పాపకు తెలియని మాటను తెలియని అక్షరాల్లో చూపిస్తుంది. తేడా ఇంతే, కానీ చిన్న తేడా కాదు.

"నాకు ఇంగ్లీషు అంతంతమాత్రం. నేనేం నేర్పగలను?" అని వెనక్కి తగ్గే తల్లులున్నారు. అసలు నష్టం ఇక్కడే జరుగుతోంది. చక్కటి తెలుగు, సామెతలు, కథలు, పొడుపుకథలు నోటినిండా ఉన్న అమ్మ, అవన్నీ పక్కనపెట్టి పిల్లతో వచ్చీరాని ఇంగ్లీషులో మాట్లాడటం మొదలెడుతుంది. చివరికి పిల్లకు ఏ ఒక్క భాషా నిండుగా రాదు. మనసులో ఉన్నది చెప్పుకోవడానికి ఒక్క భాషైనా పూర్తిగా ఉండాలి. ఆ భాష ఇవ్వగలిగేది, ఇంట్లో వాళ్లే. మొదటి భాష గట్టిపడితే ఇంగ్లీషు దాని భుజం పట్టుకుని నడుస్తుంది.

పైగా తెలుగు లిపిలో ఒక సుఖం ఉంది. పలికినట్టే రాస్తాం, దాదాపుగా రాసినట్టే చదువుతాం. అక్షరాలు, గుణింతాలు, ఒత్తులు పట్టుబడ్డ పిల్ల బస్సు మీది ఊరి పేరైనా, కొట్టు మీది బోర్డయినా కూడబలుక్కుని చదివేస్తుంది. 'నాకు చదవడం వచ్చు' అన్న ఆ ధైర్యమే రేపు ఇంగ్లీషు చిక్కుముళ్లు విప్పడానికి పనికొస్తుంది.

ఇంగ్లండులో పనిచేసిన షార్లెట్ మేసన్ (1842-1923) పద్ధతిని ఇంటి చదువు చెప్పే అమెరికా తల్లులు ఎందరో ఇప్పటికీ అనుసరిస్తున్నారు. కథను ఒక్కసారే చదివి వినిపించి, దాన్ని పిల్లల చేత తిరిగి చెప్పించడం అందులో ముఖ్యం. చిన్నపిల్లల చేత చాలావరకు నోటితోనే చెప్పించేవారు, రాయించడం తర్వాత. వింటే మనకేమీ కొత్తగా లేదు కదూ! కథ ముగించి "ఏదీ, ఇప్పుడు నువ్వు చెప్పు" అనే అమ్మమ్మ చేసిందీ అదే.

తనకు సంబంధించిన పాఠం అక్షరానికి ఎంత బలమిస్తుందో మన నెల్లూరు ఆడవాళ్లు చూపించారు. 1990ల మొదట్లో అక్షరాస్యతా తరగతులకు వెళ్లినవాళ్లు తమ వాచకంలో తాగుడు వల్ల చితికిపోయిన సంసారం కథ చదివారు. అది వాళ్ల కథే! దూబగుంట ఆడవాళ్లు ఏకమై ఊళ్లో సారా అమ్మకాన్ని ఆపించారు. ఆ కదలిక రాష్ట్రమంతా పాకి, 1993 అక్టోబరులో సారా నిషేధం దాకా వెళ్లింది. చిన్నపిల్లల పాఠం ఉద్యమాలు తేనక్కర్లేదు. కానీ తన ఇల్లు, తన వీధి అందులో కనిపించాలి.

కాబట్టి ఏ పుస్తకం చేతిలోకి తీసుకున్నా కొన్ని సంగతులు చూడండి. మాట్లాడించే చోటు ఇందులో ఉందా? వ్యాకరణానికి ముందు కథ ఉందా? ఖాళీలు పూరించడమేనా, సొంతంగా నాలుగు వాక్యాలు రాయిస్తుందా? చూచిరాత, డిక్టేషన్ చేతికి మంచివే. కానీ అవే రాయడం అనుకోకండి. ఆవు మీద వ్యాసం బట్టీ పట్టించేకంటే సరుకుల చీటీ రాయించండి, తాతయ్యకు ఉత్తరం రాయించండి. ప్రతి తప్పుకీ ఎర్రసిరా పూయకండి. ఈ వారం ఒత్తులు చూస్తే, దీర్ఘాలు వచ్చే వారం చూడొచ్చు.

డబ్బు కూడా పెద్దగా అక్కర్లేదు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రభుత్వ వాచకాలు ఇంటర్నెట్లో ఉచితంగా దొరుకుతాయి. ప్రథమ్ బుక్స్ వారి స్టోరీవీవర్‌లో తెలుగు కథలున్నాయి. పరీక్షల బెంగా ఇప్పుడే వద్దు. 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న విద్యాహక్కు చట్టంలో ఇంటి చదువుకు ప్రత్యేక ఏర్పాటు లేదన్నది తెలుసుకుని దిగాలి. అయితే 14 ఏళ్లు నిండాక జాతీయ సార్వత్రిక విద్యాసంస్థ ద్వారా పదో తరగతి పరీక్ష రాయొచ్చు. అక్కడ తెలుగు కూడా ఒక సబ్జెక్టే.

ఏదైనా కొనేముందు ఒక వారం ఆగండి. రోజూ ఓ కథ చెప్పి, పాప తిరిగి చెప్పింది చెప్పినట్టే ఓ నోటుబుక్కులో రాయండి. నాన్నకూ ఇందులో వంతు ఉండాలి సుమా! వారం తిరిగేసరికి తన మాటలే అక్షరాలై కనిపిస్తే పాప వాటిని వేలు పెట్టి మరీ చదువుకుంటుంది. మీరు కొనబోయే పుస్తకం ఆ నోటుబుక్కు పక్కన నిలబడగలిగితే కొనండి. లేదంటే కొట్లోనే ఉండనివ్వండి.