చేపకు వచ్చే క్యాన్సర్‌తో మనకేం పని?

"మనుషులకే మందుల్లేక ఛస్తుంటే చేపల మీద లక్షలు ఖర్చు పెట్టడమేమిటి?" అని మన బైపీసీ మిత్రులే కొందరు అంటూ ఉంటారు. అడగవలసిన ప్రశ్నే. మందుల చీటీ పట్టుకొని అప్పు కోసం తిరిగే ఇళ్ళ నుంచి వచ్చినవాళ్ళం మనం. డబ్బు ఎటు పోతోందో అడిగే హక్కు మనకుంది. కానీ ఆ ఖర్చు వృథా అంటే మాత్రం నేను ఒప్పుకోను.

ఆ చేప పేరు జీబ్రా చేప. సాధారణంగా నాలుగు సెంటీమీటర్లకు మించదు, ఒంటి నిండా నీలి చారలు, కూరకు కూడా పనికిరాదు. గంగానది చేపల గురించి ఫ్రాన్సిస్ హామిల్టన్ 1822లో వేసిన పుస్తకంలోనే దీని వర్ణన ఉంది. అంటే ఇది మన ఉపఖండపు చేపే. ప్రయోగశాలలో దానికి పేరు తెచ్చింది మాత్రం అమెరికాలో ఆరెగాన్ విశ్వవిద్యాలయానికి చెందిన జార్జ్ స్ట్రైసింగర్, 1981లో. ఢిల్లీలోని మన సీఎస్ఐఆర్ సంస్థ ఐజీఐబీ 2009లో అడవి రకం జీబ్రా చేప జన్యుక్రమాన్ని చదివింది.

2013లో దీని పూర్తి జన్యుక్రమం ప్రచురించినప్పుడు, మనిషి జన్యువుల్లో దాదాపు 70 శాతానికి ఇందులో జోడీలు ఉన్నాయని తేలింది. కణితులను అణచే జన్యువులు కూడా వాటిలో ఉన్నాయి. కణాలు అదుపు తప్పి పెరగకుండా ఆపే బ్రేకులివి. సైకిలుకు ముందొకటి, వెనకొకటి ఉన్నట్టు, తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి వస్తాయి. సాధారణంగా ఒకటి తెగినా రెండోది ఆపుతుంది. చిన్నపిల్లల కంటి క్యాన్సర్ లెక్కలు పరిశీలించి ఆల్ఫ్రెడ్ నడ్సన్ 1971లో చెప్పిన మాట ఇదే.

పి53 అనే బ్రేకు మనుషుల క్యాన్సర్లలో సుమారు సగంలో చెడిపోయి కనిపిస్తుంది. అయితే మనిషి కణితిని పరీక్షిస్తే చెడిన జన్యువులు పదుల్లో, వందల్లో బయటపడతాయి. అసలు దొంగ ఎవడో, దారిన పోతూ చిక్కినవాడెవడో తేలదు. తేలాలంటే ఒక్క జన్యువునే చెడగొట్టి, మిగతాదంతా అలాగే ఉంచి చూడాలి. మనిషి మీద ఆ పని చేయకూడదు. చేప వారానికి వందలకొద్దీ గుడ్లు పెడుతుంది. పిల్ల తల్లి ఒంటి బయటే పెరుగుతుంది, పైగా అద్దంలా ఉంటుంది. ఒక రోజు దాటేసరికి గుండె కొట్టుకోవడం మైక్రోస్కోపులో చూడవచ్చు.

2005లో బోస్టన్ నగరంలో థామస్ లుక్ బృందం పి53 రెండు ప్రతులూ చెడిన చేపలను పెంచింది. ఎనిమిదిన్నర నెలల వయసు నుంచి వాటికి నరాల తొడుగులో కణితులు మొదలై, 28 శాతం చేపలకు వచ్చాయి. అదే ఏడాది అదే నగరంలో లియోనార్డ్ జాన్ బృందం చేసిన పని నాకు ఇంకా నచ్చింది. మెలనోమా అనే చర్మ క్యాన్సర్‌లో తరచుగా కనిపించే బీరాఫ్ జన్యువు మార్పును వాళ్ళు చేపలో పెట్టారు. పుట్టుమచ్చల వంటివి వచ్చాయి, అంతే! పి53 పనిచేయని చేపలో అదే మార్పు పెడితే మెలనోమా వచ్చింది. యాక్సిలరేటర్ తొక్కినా బ్రేకు ఉన్నంతవరకు బండి ఆగింది.

ఈ ఒక్క ప్రయోగం గురించి మన ఊళ్ళలో చెప్పాలనిపిస్తుంది నాకు. క్యాన్సర్ పూర్వజన్మ పాపమనీ, ముట్టుకుంటే అంటుకుంటుందనీ కంచం, గ్లాసు వేరు చేసే ఇళ్ళు ఇంకా ఉన్నాయి. రొమ్ములో గడ్డ ఉందని చెప్పుకోలేక నెలల తరబడి దాచుకునే తల్లులున్నారు. ఈ చేప ఏం పాపం చేసింది? దాని బ్రేకు చెడింది, జబ్బు వచ్చింది.

అలాగని చేప మనిషి కాదు. రొమ్ము క్యాన్సర్‌తో సంబంధమున్న బీఆర్‌సీఏ1 జన్యువుకు చేపలో జోడీ దొరకలేదు. మనకు ఒకటే ఉన్న పీటెన్ అనే బ్రేకు జన్యువు చేపకు రెండు రకాలుగా ఉంది. కాబట్టి పత్రికలో "క్యాన్సర్‌కు మందు దొరికింది" అని కనిపిస్తే, చేపలోనా, మనిషిలోనా అన్నది లోపల వెతకండి. చేప పిల్లల్లో పనిచేసిన రసాయనం ఆసుపత్రికి చేరాలంటే ఏళ్ళ తరబడి పరీక్షలుంటాయి, చాలావరకు మధ్యలోనే ఆగిపోతాయి. ఆ పెద్దక్షరాలను నమ్మి, నడుస్తున్న వైద్యం మాన్పించి, ఉన్న అరెకరం అమ్మి పరుగెత్తేవాళ్ళు మన చుట్టాల్లోనే ఉంటారు. వాళ్ళలో చాలామందికి ఆ వార్త చదివి వినిపించేది సెలవులకు ఇంటికెళ్ళిన మనమే.