చచ్చిన గొర్రెల లెక్క

నాటు వైద్యుడి మీద తెలుగులో కథో వ్యాసమో కనిపిస్తే చదవకుండానే సగం చెప్పేయొచ్చు. ముసలాయన, మాట తక్కువ. కొండ మీద నుంచి ఏదో ఆకు తెచ్చి పసరు పిండితే పట్నం డాక్టర్లు వదిలేసిన రోగి లేచి కూర్చుంటాడు. చివర్లో ఆయన పోతాడు, ఆయనతోపాటు ఒక మహావిజ్ఞానమూ పోతుంది. రచయిత కళ్ళు తుడుచుకుంటాడు, మనం కూడా. ఈ మూసతో నాకు పేచీ ఉంది.

నాది అనంతపురం. ఏడాదంతా కలిపి 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ వాన పడే నేల. వేరుశనగ పోయిన ఏడు ఇంటిని నిలబెట్టేది జీవాలే. మేత అయిపోగానే కురుబలు, గొల్లలు మందలు తోలుకుని కాలవల కింది ఊళ్ళకు పోతారు. కోతలైన పొలాల్లో రాత్రిళ్ళు మంద ఆపి, ఆ ఎరువుకు గింజలో డబ్బో తీసుకుంటారు. వానలు పడితే వెనక్కొస్తారు. ఆ దారుల్లో పెరిగిన పిల్లాడికి వైద్యం వేరే చదువేం కాదు. గొర్రె కుంటితే గిట్టల సందున చూడాలి. పుండులో పురుగు పడితే సీతాఫలం ఆకు నూరి పెట్టాలి. పారుకుంటుంటే నిన్న ఎక్కడ మేసిందో గుర్తు తెచ్చుకోవాలి. డాక్టరు ఎక్కడో ఉంటాడు, గొర్రె మాత్రం ఈ రాత్రే చస్తుంది. కాస్త చెయ్యి తిరిగినవాణ్ణి పక్క మందలవాళ్ళు కూడా పిలుస్తారు. అట్లా వైద్యుడవుతాడు. ఇందులో మర్మమేముంది?

కదిరి వైపు అలాంటి పెద్దాయన ఒకరితో కూర్చున్నాను. ఆయన సంచిలో వేర్లు, పసుపు కొమ్ములు, వాటితోపాటు ఒక సిరంజి, మెడికల్ షాపులో కొన్న మందు సీసా. మన రచయితలు ఆ సిరంజిని ఫొటోలోంచి కత్తిరించేస్తారని నా అనుమానం. ‘నీ మందుకు ఎన్ని బతికినాయి తాతా?’ అని అడిగితే నవ్వాడు. ‘బతికినేటివి ఎవురు లెక్క పెడ్తారు నాయనా? సచ్చినేటివే గుర్తుంటాయి.’ ఏ ఏడు, ఏ ఊరి పొలంలో, ఏ రోగానికి ఎన్ని పోయాయో వరసగా చెప్పుకొచ్చాడు. ఆయన విద్య అంతా ఆ లెక్కలోనే ఉంది. మా సాఫ్ట్‌వేర్‌లోనూ అంతే, ఫెయిలైనవాటి రికార్డు లేని ఇంజనీరును ఎవరూ నమ్మరు. కథలు ముందుగా చెరిపేసేది మాత్రం ఆ లెక్కనే.

మంగోలియా రచయిత గాల్సన్ చినాగ్‌ను చూడండి. ఆల్టాయ్ కొండల్లో తువా సంచార కుటుంబంలో పుట్టి, జర్మన్‌లో రాసి, తానే షమన్ అయిన మనిషి. ఆయన నవల ‘ది బ్లూ స్కై’లో గొర్రెలు కాసే పిల్లాడి కుక్క తోడేళ్ళకు పెట్టిన విషం తింటుంది. పిల్లాడు ఆకాశాన్ని వేడుకుంటాడు. ఆకాశం పలకదు. మంత్రం తెలిసినవాడే మంత్రం పారని రోజును అట్లా రాశాడు. మంద వెనక ఒక్క రోజు నడవని మనవాళ్ళేమో ఓటమి ఎరగని వైద్యుల్ని పుట్టిస్తున్నారు.

దీన్ని గౌరవమంటే నేను ఒప్పుకోను. గాడిదగడపాకునే తీసుకోండి. కడుపులో పురుగులకు వాడతారు, చేదు విషం. అందులోని అరిస్టోలోకిక్ ఆమ్లం మనిషి మూత్రపిండాల్ని పాడుచేస్తుంది, కాన్సర్ కూడా తెస్తుంది. ఈ మాట రాస్తే మన సంస్కృతిని అవమానించినట్టట! నీలినాలుకకు ఏ ఆకూ లేదు. చిన్న చిన్న కీటకాలు మోసుకొచ్చే వైరస్ అది, టీకాతోనే అడ్డుకోవాలి. పెద్దాయన అడిగింది కూడా అదే, టీకాలోళ్ళు వానకు ముందే ఎందుకు రారని. వ్యాసకర్తలకు ఆయన నుంచి రహస్యం కావాలి, ఆయనకు టీకా కావాలి.

మహావిజ్ఞానం మాయమవుతోందని ఏడ్చేవాళ్ళకు అదెక్కడ మాయమవుతోందో చూసే ఓపిక లేదు. నంబులపూలకుంటలో వేల ఎకరాల్లో సౌర పలకలు పరిచారు, 2016 నుంచి కరెంటు వస్తోంది. కరెంటు నాకూ కావాలి, ఇది రాస్తున్నది దానితోనే. అయితే బీడుకు కంచె పడ్డాక మంద చుట్టూ తిరిగి పోవాలి. కొత్త దారిలో మేతా వేరు, నీళ్ళూ వేరు. పాత గట్టు మీద దొరికే వేరు అక్కడ దొరకదు, దాన్ని చూపించడానికి పక్కన మనవడూ లేడు. వాడు బెంగళూరులో సెక్యూరిటీ గార్డు. వాణ్ణి తిట్టే హక్కు, అదే ఊళ్ళో ఏసీలో కూర్చునే నాకైతే లేదు. నేను చదివిన కథల్లో ముసలాయన చావు బోలెడంత ఉంది. కంచె ఒక్కదాంట్లోనూ కనపడలేదు.