బొమ్మల సేనకు రంగులు

బొమ్మలతో ఆడుకొనుట పిల్లల పని యని లోకాభిప్రాయము. ఇంగ్లండులోను, అమెరికాలోను, ఐరోపా ఖండమందలి పలు దేశములలోను ఉద్యోగములు చేసికొనుచు, సంసారములు ఈదుచున్న పెద్దలు, అంగుళమెత్తు రోమను పదాతులకును, మాసిడోనియా ఈటెగాండ్రకును, పారసీక ఆశ్వికులకును రంగులు పూయుచు సాయంకాలములు గడపుచున్నారనినచో మనవారు నవ్వుదురు. ఆ నవ్వు తొందరపాటు.

రంగులు పూయుట ముగిసిన పిమ్మట ఆ సేనలను ఒక పెద్ద బల్లపై రెండు పక్షములుగా నిలిపి, పాచికలు వేసి, కొలబద్దతో దూరములు కొలిచి, ముద్రిత నియమముల ననుసరించి యుద్ధమాడుదురు. ఆట ఒక సాయంకాలముతో ముగియును. సేనకు రంగు పూయుటకు నెలలు పట్టును. ఓపికగల వానికి ఏండ్లే పట్టును. కావున దీనిని ఆట యనుటకంటె చిత్రలేఖన మనుటయే న్యాయము.

ఈ క్రీడకు వంశవృక్షము లేకపోలేదు. ప్రష్యా సైన్యమునందు రైస్విట్జ్ అను అధికారి 1824లో ప్రకటించిన యుద్ధక్రీడ సేనాధికారుల శిక్షణకై ఏర్పడినది. హెచ్.జి. వెల్స్ 1913లో ‘లిటిల్ వార్స్’ అను పుస్తకము వ్రాసి దానిని ఇంటి నేలమీదికి దింపినాడు. 1962లో డొనాల్డ్ ఫెదర్‌స్టోన్ రచించిన ‘వార్ గేమ్స్’ దానికి మరల ప్రాణము పోసినది. ప్రాచీన యుద్ధములపై మక్కువ గలవారికై 1965లో ‘సొసైటీ ఆఫ్ ఏన్షియెంట్స్’ అను సంఘము ఇంగ్లండులో వెలసినది. 1969లో ఏర్పడిన ‘వార్ గేమ్స్ రిసెర్చ్ గ్రూప్’ వారి నియమములలో ఒక్క బొమ్మ ఇరువదిమంది సైనికులకు ప్రతినిధి. వంశచరిత్ర ఇంతటితో చాలును.

పని విధానము మాత్రము తెలిసికొనదగినది. లోహపు బొమ్మ అచ్చునుండి వెలువడునప్పుడు దానిపై అతుకు గీతలుండును. వానిని ఆకురాయితో అరగదీయవలెను. పిదప సబ్బునీట కడిగి, ఆరబెట్టి, రంగు పట్టుటకై నలుపో తెలుపో ఒక పూత వేయవలెను. నల్లని పూతతో మొదలిడినచో వస్త్రపు మడతలలో నీడ తనంతట తానే నిలుచును. తెల్లని పూతపై రంగులు వెలుగొందును. మనుష్యుని వస్త్రమునకున్న రంగునే ఆ చిన్న బొమ్మకు పూసినచో అది మసకగా, ముదురుగా తోచును. అందుచేత రంగును ఒక మెట్టు లేతపరచి, నీడను మరికొంత ముదురుచేసి, మూడడుగుల దూరమునుండి చూచువాని కంటికి నిజమనిపింపవలెను. కుంచె కొనను పెదవులతో సూది చేసికొను అలవాటు పలువురికి కలదు. పాతకాలపు బొమ్మలలో సీసము పాలు అధికము; కొన్ని రంగులును విషతుల్యములే. ఈ విద్య నేర్చుకొనగోరు బాలురు ఆ అలవాటును మాత్రము నేర్చుకొనరాదు.

ఇంతవరకు హస్తకౌశలము. అసలు విషయము దీని తరువాత వచ్చును. చరిత్రకారుడు “ముప్పదివేల పదాతులు బారులు తీరి నిలిచిరి” అని వ్రాసి తరువాతి వాక్యమునకు పోవచ్చును. వారి అంగీలు ఏ రంగువో, డాళ్లపై ఏ గుర్తులున్నవో, పాదరక్షలున్నవో లేవో అతడు చెప్పనక్కర లేదు. రంగులు పూయువానికి ఆ మౌనము చెల్లదు. కుంచెను రంగులో ముంచిన క్షణమున అతడు ఒక చారిత్రక ప్రతిపాదన చేసినవాడగుచున్నాడు. ఎఱ్ఱరంగు పూసినచో ఎఱుపని సాక్ష్యము చెప్పినట్లే. ఏ రంగును పూయక విడిచినచో అది బొమ్మయే కాదు. ఈ నిర్బంధమే యీ వ్యాసంగమునకు గౌరవము తెచ్చునది. చరిత్ర పాఠమున గురువు గాని శిష్యుడు గాని సాధారణముగా అడుగని ప్రశ్నను ఇది అడిగించును: అది నీకెట్లు తెలిసినది?

ఈ ప్రశ్నకు సమాధానము వెదకబోయినవానికి సాక్ష్యముల స్వభావము తెలియును. పాంపే నగరమున 1831లో బయల్పడి, నేడు నేపుల్స్ మ్యూజియములో నున్న అలెగ్జాండరు చిత్రమున్నది. చిన్న చిన్న రాతిముక్కలు పొదిగి కూర్చిన ఆ మహాచిత్రమున అలెగ్జాండరు, దరయవుషుడు ఎదురుపడుచున్నారు. మాసిడోనియా సేనకు రంగులు పూయువారందరును దానినే మొదట ఆశ్రయింతురు. అందు తెలుపు, నలుపు, ఎఱుపు, పసుపు వర్గములు తప్ప నీలి కానరాదు. అంతమాత్రముచే మాసిడోనియనులు నీలివస్త్రము ధరింపలేదనవచ్చునా? అనరాదు. నాలుగు రంగులతోనే చిత్రము నిర్వహించుట ఒక గ్రీకు చిత్రకార సంప్రదాయము. ఆ లేమి చిత్రకారునిదే గాని సైనికునిది కాదు. దీనికి సరిజోడుగా 1887లో సీదోను నగరమున దొరకి, ఇస్తాంబూలు మ్యూజియమునకు చేరిన శిలాశవపేటిక యున్నది. దానిపై చెక్కిన పారసీకుల వస్త్రములపై రంగులు మిగిలియుండెను. గాలి వెలుతురులు సోకి అవియు వెలసినవి. మొదటి సాక్షి కొన్ని రంగులు ఎరుగడు. రెండవ సాక్షి ఎరిగినదానిని మరచిపోవుచున్నాడు!

రోమను సేన మాట మరింత చిత్రము. చలనచిత్రములు చూచినవారికి రోమను సైనికుడనగా ఎఱ్ఱ అంగీయే. అంగీ ఎఱ్ఱనిదా, రంగు వేయని తెల్లనిదా అను వాదము పండితులలో నేటికిని తెగలేదు; రెండు వైపులను ఆధారములు కలవు. రోమనుల నిలువు డాళ్లు లక్షలకొలదిగా తయారై యుండును. వానిలో వంపు దిరిగిన నిడుపు డాలు పూర్తిగా మిగిలినది ఒక్కటే. సిరియాలోని దూరా-యూరోపస్ త్రవ్వకములలో దొరకిన ఆ మూడవ శతాబ్దపు డాలు నేడు అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయమున నున్నది. ఎఱ్ఱని నేలపై సింహము, గ్రద్ద, విజయదేవతలు అందు చిత్రింపబడినవి. ఒక్క డాలు చూచి సామ్రాజ్యపు డాళ్లన్నిటికి రంగు నిర్ణయించుట, ఒక్క మెతుకుతో అన్నము పరీక్షించుట వంటిది కాదు. అన్నము ఒక్క కుండలో ఉడికినది, సామ్రాజ్యము అట్లు కాదు. చివరి రోమను కాలపు దళముల డాళ్ల గుర్తులు గల ‘నొటీషియా డిగ్నిటాటమ్’ అను గ్రంథము కలదు గాని, ఇప్పుడున్నవి వెయ్యేండ్ల తరువాత తీసిన ప్రతులకు ప్రతులు. ప్రతికిని ప్రతికిని రంగులు మారును. తాళపత్ర పాఠభేదములతో కుస్తీపట్టిన తెలుగు పండితునికి ఈ కష్టము వేరుగ చెప్పనక్కర లేదు.

సేన యనగా ఒకేరంగు దుస్తులని తలచుట అర్వాచీనుల భ్రమ. 1974లో చైనాలోని షీయాన్ నగరమునకు సమీపమున బయల్పడిన మట్టి సేన యొకప్పుడు రంగులతో మెరసినది. లక్కపూతపై వేసిన ఆ రంగులు మట్టి తొలగిన నిమిషములలోనే పెళుసులై రాలిపోయినవి. రాలక నిలిచిన చోట పరిశోధకులు చూడగా ఒకని అంగీ ఆకుపచ్చ, వేరొకని అంగీ ఎఱుపు, మరియొకనిది ఊదా! ఇంకను పూర్వమునకు పోయినచో, ఈజిప్టులో అసియూత్ వద్ద మెసెహ్తి యను ప్రాంతాధిపతి సమాధిలో సుమారు నాలుగువేల యేండ్లనాటి కొయ్య సైనికులు దొరకిరి; నలువదిమంది ఈటెలవారు, నలువదిమంది నూబియా విలుకాండ్రు. ఈటెలవారి డాళ్లపై ఆవుతోలు మచ్చలు ఒకదానివలె మరియొకటి లేవు. ఆ శిల్పి వారిని కన్నులార చూచినవాడు. చూచినవాడు ఒకే మూసలో పోయలేదు, చూడనివాడే పోయుచున్నాడు.

ఇది యుద్ధమును ముద్దుచేయుట కాదా యని ఆక్షేపింపవచ్చును. ఆక్షేపణ తేలికగా త్రోయదగినది కాదు. అందమైన సేన హత్యాకాండను మరుగుపరచు మాట నిజమే. వెల్స్ తన పుస్తకము చివర ఈ సంగతినే తడవి, బల్లపై చిన్న యుద్ధమాడినవానికి పెద్ద యుద్ధము ఎంత అవివేకమో బోధపడునని వాదించినాడు. మరుసటి యేడే, 1914లో, ప్రపంచయుద్ధము వచ్చినది. ఆయన వాదము ఎవరిని ఆపినదో చెప్పలేము. అయినను ఒక్కొక్క మొగమునకు వేరువేరుగా ఛాయ దిద్దినవానికి “శత్రుపక్షమున పదివేలమంది కూలిరి” అను వాక్యము మునుపటివలె తేలికగా నోటదిగదు. ఆ మాత్రము లాభమును కాదనరాదు.

ఇక భారతదేశపు సేన. మన విద్యార్థి అక్షౌహిణి లెక్క గడగడ చదువును: ఒక రథమునకు ఒక ఏనుగు, మూడు గుఱ్ఱములు, ఐదుగురు కాల్బంట్లు. క్రీ.పూ. 326లో జీలం ఒడ్డున అలెగ్జాండరు నెదిరించిన పురుషోత్తముని సేనను అర్రియన్ లెక్కించినాడు: 200 ఏనుగులు, 300 రథములు, 4,000 గుఱ్ఱములు, 30,000 కాలిబంట్లు. అనగా ఒక్క ఏనుగునకు నూటయేబదిమంది పదాతులు! పుస్తకమున రెండు లెక్కలును ప్రక్కప్రక్కనే నిరపాయముగా నిదురించును. ఇరువదిమందికి ఒక బొమ్మ చొప్పున పదునైదువందల పదాతులకు రంగు పూయ కూర్చున్నవానికి మాత్రము రెండును ఒకటి కావని చేతివ్రేళ్లే చెప్పును.

మన కొండపల్లిలో తెల్లపొణికి కొయ్యతో చేసిన అంబారీ యేనుగు ఎంత ముద్దుగా నుండును! దాని ప్రమాణము తాత ముత్తాతల చేతివాటము. ఆ శిల్పిని ఆధారమేమని అడుగుట అరసికత. కాని దానిని జీలం యుద్ధమునకు నడపరాదు. అలెగ్జాండరు కాలమునాటిదని తలచబడు ఒక వెండి నాణెము బ్రిటిష్ మ్యూజియములో నున్నది. దానిపై ఆశ్వికుడొకడు ఏనుగును తరుముచుండగా, ఇరువురు యోధులు దాని వెన్నుపైననే కూర్చుండిరి, అంబారీ లేదు. మూడువందల యేండ్ల తరువాత సాంచి దక్షిణ తోరణముపై చెక్కిన ధాతుయుద్ధ దృశ్యమునను అంబారీ కానరాదు. ఆ తోరణముపై శాతకర్ణి రాజు శిల్పుల పెద్ద వేయించిన దానశాసనము గలదు గనుక ఆంధ్రులకు అది పరాయిది కాదు. వస్త్రము కట్టిన తీరు, ఆయుధము పట్టిన తీరు ఆ శిల్పమున కనబడును, రంగు కనబడదు. రంగుకై మరల గ్రీకుల కడకే పోవలెను. అలెగ్జాండరు వెంటవచ్చిన నియార్కసు మాటలను అర్రియన్ నిలిపియుంచినాడు: భారతీయుల నూలువస్త్రము మిక్కిలి తెల్లనిది; విల్లు మనిషి యెత్తు; దాని కొనను నేలకానించి ఎడమపాదముతో అదిమి అమ్ము విడుతురు; గడ్డములకు తెలుపు, నీలి, ఎఱుపు, ఊదా, ఆకుపచ్చ రంగులు వేసికొందురు!

మన పాఠశాలలకు విదేశపు బొమ్మలు కొనిచ్చు స్తోమతు లేదు, అక్కరయు లేదు. చెరువుమట్టి యున్నది. పది వ్రేళ్లంత విలుకాండ్రను చేసి, ఎండబెట్టి, రంగులు పూయించి, ప్రతి రంగునకు ఎదురుగ నోటుపుస్తకమున ఒక పంక్తి వ్రాయింపవలెను: ఈ తెలుపు అర్రియన్ మాట, ఈ విల్లు నాణెమున ఉన్నది, ఈ డాలుపై మచ్చలు మా ఊహ. మూడవ రకపు పంక్తులే ఎక్కువగా నుండును. వానిని దాచి ముద్దుగా ప్రదర్శించినచో ఆ బొమ్మలు అబద్ధములాడును.

చివర పీట మిగులును. బొమ్మను నిలిపెడు చిన్న పీటపై ఇసుక చల్లి, పచ్చిక అంటించుట వాడుక. జీలం సేనకు పచ్చిక చాలదు. ఆ రాత్రి వాన కురిసినది. పురుషోత్తముని కుమారుడు నడపిన రథములు బురదలో దిగబడినవని అర్రియన్, నేల జారుటచే విండ్లు నేలకానింప వీలుపడలేదని కర్టియస్ వ్రాసినారు. కావున చక్రములకు, గుఱ్ఱముల మోకాళ్లవరకు, విలుకాని ఎడమపాదమునకు తడిమట్టి రంగు పూయవలెను.